వీపు వెనక తాళంచెవి

స్వాధీనం చేసుకున్న కార్లు ఉంచే యార్డులో అందరూ అతన్ని మేస్టారని పిలిచేవారు. అతను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఫైనాన్స్ కంపెనీకి వాయిదాలు కట్టలేకపోయిన వాళ్ల దగ్గరికి వెళ్లి కార్లు తీసుకొచ్చే పని అతనిది. గొంతు పెంచకుండా, ఎదుటి మనిషికి అర్థమయ్యేదాకా చెప్పేవాడు కాబట్టి ఆ పేరొచ్చింది.

అతనికి కారు నడపడం రాదు. నడిపేది అతని బావమరిది, అంటే భార్యకి తమ్ముడు. ఈ పనిలోకి ఇద్దరూ కలిసే వచ్చారు, కలిసే తిరిగారు. మాట బావది, స్టీరింగు బావమరిదిది.

వాళ్ల పద్ధతి వాళ్లకుంది. మేస్టారు గుమ్మం ముందు నిలబడి మాట్లాడేవాడు. బాకీ ఎంతో, ఎన్ని నోటీసులు వచ్చాయో, ఇప్పుడు కారు ఇస్తే తర్వాత విడిపించుకోవడం ఎలాగో చెప్పేవాడు. మంచినీళ్లు అడిగి తాగేవాడు. కారులో ఉన్న సామానంతా ఇంట్లోకి చేర్పించేవాడు. చివరికి ఇంటివాళ్లు తాళంచెవి ఇచ్చేవారు. అది తీసుకుని, మాట ఆపకుండా, ఆ చెయ్యి వీపు వెనక్కి పెట్టేవాడు. వెనక నిలబడ్డ బావమరిది దాన్ని అందుకుని, ఫోన్ మాట్లాడుతున్నట్టు నడుచుకుంటూ కారు దగ్గరికి వెళ్లేవాడు. ఇంటివాళ్లు తల తిప్పి చూసేసరికి కారు వీధి మలుపు దాటేది.

మిగతా జట్ల మీద పోలీసు కేసులున్నాయి. బానెట్ మీద పడుకున్నవాళ్లు, టైర్ల కింద కాళ్లు పెట్టినవాళ్లు వాళ్లకి ఎదురయ్యారు. వీళ్లిద్దరికీ అలాంటిది ఎప్పుడూ జరగలేదు. తాళంచెవి చేతులు మారేటప్పుడు ఒక్క మాట కూడా ఉండకూడదన్నది వాళ్ల నియమం. "తీసుకో" అంటే చాలు, ఎదుటివాళ్లు ఉలిక్కిపడి కారు వైపు పరిగెత్తుతారు.

అప్పుడు కొత్త చట్టం వచ్చింది. బాకీ వసూలుకి వెళ్లినా, కారు స్వాధీనం చేసుకున్నా ఫీల్డ్ కార్డు ఉండాలి. పది రోజులు క్లాసుకి వెళ్లాలి, పరీక్ష రాయాలి. పాతవాళ్లకి కొంత గడువిచ్చారు. ఆ గడువు లోపల కంపెనీ ఇచ్చిన కాగితంతో పని చేసుకోవచ్చు. గడువు దాటాక కార్డు లేని మనిషి కస్టమరు బండి మీద చెయ్యి వెయ్యకూడదు.

మేస్టారు ముందు వెళ్లాడు. క్లాసులో మాట్లాడటం అతనికి ఇష్టం. పరీక్ష పాసై కార్డు మెడలో వేసుకుని వచ్చాడు. తర్వాత వంతు బావమరిదిది.

"రేపట్నుంచి నేను క్లాసుకి వెళ్లనా బావా?" అని అడిగాడు. అప్పుడు ఇద్దరూ యార్డు గేటు దగ్గర టీ తాగుతున్నారు.

"ఈ నెల గడవనీరా. నువ్వు పది రోజులు కూర్చుంటే బళ్లు ఎవరు తెస్తారు? నెలాఖరుకి మనం చూపించాల్సినవి ఎన్ని ఉన్నాయో చూశావా?"

"గడువు అయిపోతుందేమో."

"పెంచుతార్లే. వాళ్ల దగ్గర క్లాసు చెప్పేవాళ్లే సరిగ్గా లేరు. నేను చూశా కదా."

"పొద్దుట్నుంచి ఇంటింటికీ తిరిగి ఇంక గడువు లేదు, లేదు అని చెప్తావు. మన దగ్గరికొచ్చేసరికి పెంచుతారంటావా?"

"మనం వాళ్లకి బాకీ లేం కదరా."

బావమరిది నవ్వి గ్లాసు కింద పెట్టాడు. గడువు ఒకసారి పెంచారు కూడా. మేస్టారు ఆ వార్త ఫోన్‌లో చూపించి "చెప్పానా?" అన్నాడు. ఆ నెల కూడా బళ్లు ఎక్కువే వచ్చాయి. బావమరిది క్లాసు సంగతి మరోసారి ఎత్తాడు. మేస్టారు మళ్లీ వచ్చే నెల అన్నాడు. రెండోసారి గడువు పెంచలేదు.

క్లాసులకి పేర్లు తీసుకోవడం ఆపేశారు. మళ్లీ ఎప్పుడు తీసుకుంటారో ఆ కార్డులిచ్చే లైసెన్సు ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. అప్పటిదాకా బావమరిది తమ సొంత కారు మాత్రమే నడపాలని, కస్టమరు బండిని యార్డులో కార్డున్న డ్రైవరు వచ్చి తీసుకెళ్లాలని అనుకున్నారు. యార్డు మొత్తానికి అలాంటి డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. అన్ని జట్లూ అతనికే ఫోన్ చేసేవి.

ఆ రోజు వెళ్లింది కళ్లద్దాల షాపు నడిపే ఒకావిడ దగ్గరికి. షాపు కింద, ఇల్లు పైన. కారు షాపు ముందే ఉంది. బావమరిది యార్డుకి ఫోన్ చేశాడు.

"మధ్యాహ్నం భోజనం అయ్యాక గానీ రాడట. ఆగుదామా?"

మేస్టారు షాపు అద్దంలోంచి లోపలికి చూశాడు. ఆవిడ ఒక్కతే ఉంది. గిరాకీ లేదు. మాట్లాడటానికి అది మంచి సమయం.

"చూద్దాం" అన్నాడు.

బావమరిది ఫోన్ జేబులో పెట్టుకుని అతని వెనకే నడిచాడు.

షాపావిడ వాళ్లని కూర్చోమంది. మేస్టారు కూర్చోకుండా కార్డు తీసి ముందు ఆవిడ చేతికిచ్చాడు. కొత్త పద్ధతి అదే. కార్డు ముందు చూపించాలి, చదువుకోనివ్వాలి, ఆ తర్వాతే మాట. ఆవిడ కార్డుని వెలుతురుకి పెట్టి చదివింది. వెనక్కి తిప్పి కూడా చదివింది. వెనక చిన్న అక్షరాలుంటాయి. వాటిని అప్పటిదాకా ఎవరూ చదవలేదు.

"బావుంది. ఫొటోలో కంటే బయట నయంగా ఉన్నారు" అంది.

"ఫొటో తీసిన రోజు పరీక్ష రాసొచ్చానండీ. ఎవరైనా అలాగే ఉంటారు."

ఆవిడ నవ్వింది. మేస్టారు మొదలుపెట్టాడు. ఆవిడ అడ్డు చెప్పలేదు. షాపు సరిగ్గా నడవట్లేదంది. అద్దాలు కూడా ఫోన్‌లోనే కొనుక్కుంటున్నారంది. కారు ఇచ్చేస్తే కొన్నాళ్లకి విడిపించుకోవచ్చా అని అడిగింది. విడిపించుకోవచ్చన్నాడు, ఎలాగో చెప్పాడు. కారులోంచి గొడుగు, దుప్పటి, ఒక జత చెప్పులు తెచ్చుకుంది. తాళంచెవి ఇచ్చింది.

మేస్టారు చెయ్యి వీపు వెనక్కి వెళ్లింది.

వేళ్లలోంచి తాళంచెవి జారడం అతనికి తెలిసింది. బావమరిది చెప్పుల చప్పుడు దూరమవడం కూడా తెలిసింది. అతను రసీదు గురించి చెబుతూనే ఉన్నాడు. ఇంజను శబ్దం వినపడగానే షాపావిడ తల తిప్పింది.

"మరి ఆయన కార్డు?" అంది.

"ఆయన డ్రైవరండీ."

"డ్రైవరయితే? మీ కార్డు వెనకే రాసి ఉంది కదండీ. బండి ముట్టుకునే ప్రతి ఒక్కరి కార్డూ అడగమని. కింద నంబరు కూడా ఇచ్చారు."

ఆవిడ గొంతులో కోపం లేదు. కార్డు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. ఆ నంబరు చూస్తూ ఫోన్ చేసింది. పరిస్థితి చూసి బావమరిది ఇంజను ఆపేశాడు గానీ దిగలేదు. దిగి పారిపోతే ఇంకా తప్పవుతుందనుకున్నానని తర్వాత చెప్పాడు.

లైసెన్సు ఆఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చింది. మేస్టారు ఆమెని క్లాసులో చూశాడు. శిక్షల గురించి పాఠం చెప్పింది ఆమే. కార్డు లేని మనిషి తన ఇష్టప్రకారం బండి తీస్తే అతన్ని ఐదేళ్లు ఈ పనిలోకి రానివ్వరు. కార్డున్న మనిషి చెప్తే తీశాడని తేలితే కార్డున్న మనిషి కార్డు పోతుంది, రెండోవాడికి హెచ్చరిక ఇచ్చి మళ్లీ క్లాసులు మొదలవగానే కూర్చోనిస్తారు. ఆ పాఠం జరుగుతున్నప్పుడు మేస్టారు ముందు వరసలో కూర్చుని తలాడించాడు.

"స్టీరింగు ముందు కూర్చున్నది మీరేనా?" అని ఆమె బావమరిదిని అడిగింది.

"నేనేనండీ."

"ఎవరు కూర్చోమన్నారు?"

"ఎవరూ అనలేదండీ. యార్డు డ్రైవరు ఆలస్యమన్నారు. నేనే తొందరపడ్డాను. మా బావ షాపులో మాట్లాడుతున్నారు. ఆయనకి తెలీదు."

ఆమె మేస్టారు వైపు చూసింది. షాపావిడ కూడా చూసింది. మేస్టారు చేతిలో రసీదు పుస్తకం ఉంది. దాన్ని మూసి సంచిలో పెట్టుకున్నాడు.

వచ్చే వారం విచారణకి ఇద్దరూ రావాలని చెప్పి ఆమె వెళ్లిపోయింది. కారు షాపావిడకే ఉండిపోయింది. చట్టం ప్రకారం ఆ స్వాధీనం చెల్లదు. తాళంచెవి తిరిగిస్తుంటే ఆవిడ "మీరేమీ అనుకోకండి" అంది.

ఆ సాయంత్రం మేస్టారు భార్య బట్టలు ఇస్త్రీ చేస్తూ అంతా విన్నది. ఆమె ఒక ల్యాబ్‌లో పని చేస్తుంది. రక్తపరీక్షలకి వచ్చినవాళ్ల దగ్గర నమూనాలు తీసుకుంటుంది.

"తాళంచెవి వాడి చేతికెలా వచ్చింది?" అని అడిగింది.

ఆ వీపు వెనక వ్యవహారం ఆమెకి తెలుసు. చుట్టాలొచ్చినప్పుడు బావా బావమరిదీ బీరువా తాళంతో చేసి చూపించి అందర్నీ నవ్వించేవాళ్లు.

"చెయ్యి తనంతట అదే వెళ్లింది" అన్నాడు చివరికి. "ఇన్నేళ్ల అలవాటు."

"చెయ్యి సంగతి సరే. నోటికేమైంది?"

"వాడే చెప్పేశాడు, నేను—"

"కంపెనీవాళ్లకి సర్దిచెప్తారు. బాకీలవాళ్లకి సర్దిచెప్తారు. అలిగి భోజనం మానేసిన మా పెద్దనాన్నకి కూడా సర్దిచెప్పి విస్తరి ముందు కూర్చోబెట్టారు. నా తమ్ముడి దగ్గరికొచ్చేసరికి మాట పడిపోయిందా?"

"నా కార్డు కూడా పోతే ఇల్లెలా గడుస్తుంది?"

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"నన్నడగండి, చెప్తాను. నా జీతంతో అద్దె కడదాం. మిగతాది మీరు ఎక్కడో ఒకచోట చూసుకుంటారు. మీకు మాట ఉంది, ఏ షాపులోనైనా కూర్చోబెడతారు. వాడికి బండి తప్ప ఇంకేం వచ్చు? అక్కడికి వెళ్లి జరిగింది చెప్పి రండి."

"చెప్తాను" అన్నాడు మేస్టారు. ఆ మాట అన్నప్పుడు చెప్పాలనే అనుకున్నాడు. వారమంతా అలాగే అనుకున్నాడు. స్నానం చేస్తూ ఆ వాక్యాలు పేర్చుకున్నాడు. నేనే తాళంచెవి ఇచ్చానండీ. ఆగుదామా అని అతను అడిగాడండీ. క్లాసుకి వెళ్లకుండా ఆపింది కూడా నేనేనండీ.

లైసెన్సు ఆఫీసులో విచారణ గది ముందు బెంచీ ఉంది. బావమరిది అప్పటికే వచ్చి కూర్చున్నాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది.

"అక్క నీకు క్లాసు పీకి ఉంటుంది" అన్నాడు.

"పీకింది."

"వినకు బావా. ఇద్దరం రోడ్డున పడి ఏం చేస్తాం?"

"నేను చెప్తే నీకు తగ్గుతుందిరా."

"తగ్గితే మళ్లీ క్లాసు, మళ్లీ పరీక్ష. నాకు పరీక్షలు పడితే ఆ రోజుల్లోనే టెన్త్ పాసయ్యేవాణ్ణి కదా" అని నవ్వాడు. "నువ్వు ఊరుకో. నేను చూసుకుంటా."

అలా అంటున్నంతసేపూ అతను తలుపు వైపే చూస్తున్నాడు. మేస్టారు ఆ నవ్వు మాత్రమే చూశాడు.

ముందు బావమరిదిని పిలిచారు. అతను త్వరగానే వచ్చేశాడు. తర్వాత మేస్టారుని పిలిచారు.

గదిలో అధికారి, టైపు చేసే ఒకాయన ఉన్నారు. ఫ్యాను తిరుగుతోంది. ఆమె అతన్ని గుర్తుపట్టినట్టు తలూపింది.

"ఆ రోజు కారు తియ్యమని మీరు అతనికి చెప్పారా?"

వారమంతా పేర్చుకున్న వాక్యాలు అతని దగ్గర సిద్ధంగానే ఉన్నాయి. కానీ ఆమె అడిగింది వేరు. చెప్పారా అని అడిగింది. మేస్టారు ఆ రోజు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఏ రోజూ చెప్పలేదు.

"చెప్పలేదండీ" అన్నాడు.

టైపు చేసే ఆయన ఆ ఒక్క మాటా కొట్టి ఆగాడు. అధికారి ఇంకా ఏదైనా వస్తుందేమోనని చూసింది.

"ఇంకేమైనా చెప్పాలా?"

"లేదండీ."

"ఆలోచించుకోండి. తర్వాత మార్చడం కుదరదు."

"లేదండీ" అన్నాడు మళ్లీ.

బయటికి రాగానే బావమరిది లేచి నిలబడ్డాడు. మేస్టారు మొహం చూశాడు. "సరే, పద. టీ తాగుదాం" అన్నాడు. టీ డబ్బులు అతనే ఇచ్చాడు.

ఇంట్లో భార్య "చెప్పారా?" అని అడిగింది.

"అడిగినదానికి నిజమే చెప్పాను."

ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. మాట్లాడటం మానలేదు, వండటం మానలేదు. అతని ఫోన్ మోగితే ఎవరని అడగడం మాత్రం మానేసింది.

బావమరిదికి ఐదేళ్ల నిషేధం పడింది. అతను ఒక బ్రెడ్ కంపెనీలో వ్యాను నడపడానికి చేరాడు. తెల్లారకముందే షాపులకి సరుకు వేసి వస్తాడు. ఈ పని హాయిగా ఉందని, తను వెళ్తే జనం సంతోషంగా తలుపు తీస్తున్నారని అన్నాడు. జీతం సంగతి అడిగితే మాట మార్చాడు.

కంపెనీ మేస్టారుకి కార్డున్న కొత్త డ్రైవరుని ఇచ్చింది. మొదటి రోజే ఒకచోట మేస్టారు తాళంచెవి తీసుకుని చెయ్యి వెనక్కి పెట్టాడు. ఎవరూ అందుకోలేదు. వెనక్కి తిరిగి చూస్తే డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నోటితో చెప్పండి సార్. అందరి ముందూ చెప్పండి. రేపు నా మీదకి రాకూడదు."

ఇంటివాళ్లు వింటున్నారు. మేస్టారు చెప్పాడు. ఇంటాయన వెళ్లి కారుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ రోజు కారు రాలేదు. అలాంటివి ఇంకొన్ని జరిగాయి. జరిగిన కథ యార్డులో అందరికీ తెలుసని మేస్టారుకి అర్థమైంది. అందరూ ఇంకా మేస్టారనే పిలుస్తున్నారు. కానీ ఏ డ్రైవరూ అతనితో రెండో వారం వెళ్లడానికి ఒప్పుకోవడం లేదు.

ఈ సంగతి బావమరిదికి ఎవరో చెప్పారు. ఒక ఆదివారం తనే వచ్చాడు.

"నీకే నడపడం వస్తే ఎవర్నీ బతిమాలక్కర్లేదు కదా బావా. పద, నేర్పిస్తా."

గోడౌన్ల వెనక ఖాళీ స్థలంలో మేస్టారు మొదటిసారి స్టీరింగు ముందు కూర్చున్నాడు. బావమరిది పక్క సీట్లో కూర్చున్నాడు. కారు ముందుకి గెంతింది, ఆగింది, మళ్లీ గెంతింది.

"కప్పని ఎక్కించుకొచ్చినట్టుంది" అన్నాడు బావమరిది. "క్లచ్ మీంచి కాలు ఒక్కసారిగా తియ్యకు. నువ్వు జనంతో మాట్లాడతావు చూడు, అంత మెల్లగా."

రెండు మూడు చుట్లు తిరిగాక కారు గెంతడం మానింది. మేస్టారు దాన్ని గోడ పక్కన ఆపాడు.

"ఒరేయ్."

"ఊఁ."

"ఆ రోజు గదిలో ఆవిడ నన్ను రెండుసార్లు అడిగిందిరా. ఇంకేమైనా చెప్పాలా అని."

బావమరిది కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. గోడౌను షట్టర్లన్నీ మూసి ఉన్నాయి.

"నేను వద్దన్నాను కదా" అన్నాడు.

"అన్నావు."

"అన్నాను గానీ బావా, నువ్వు చెప్తావనే అనుకున్నాను. బెంచీ మీద కూర్చున్నంతసేపూ అదే అనుకున్నా. బావ నా మాట వినడు, చెప్పేస్తాడు అని."

మేస్టారు నోరు తెరిచాడు. ఎన్నో గుమ్మాల ముందు, ఎంతోమందికి, ఏదో ఒకటి చెప్పగలిగిన మనిషి అతను.

"అద్దంలో చూడు" అన్నాడు బావమరిది. "వెనక ఎవరో వస్తున్నారు."

సైకిలు మీద ఒకాయన వస్తున్నాడు. మేస్టారు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచాడు. సైకిలాయన పక్కనుంచి దాటి, గోడౌన్ల చివరకి వెళ్లి, కనపడకుండా పోయాడు. మేస్టారు కాలు తియ్యలేదు. బావమరిది తియ్యమనలేదు.